ఆగడం కూడా దారిలో భాగమే
(హార్స్లీ హిల్స్ ఘాట్ రోడ్డు మీద నేర్చుకున్న ధమ్మ పాఠం)



ఈ కరపత్రం మీ చేతికి వచ్చేసరికి మీరు ఏదో ఒక పని మధ్యలో ఉంటారు. పొలం పనో, మగ్గం పనో, ఆఫీసు పనో, మీటింగు ఏర్పాట్లో. కాసేపు పక్కన పెట్టి కూర్చోండి. ఈసారి మనం మాట్లాడుకోబోయేది ఆ కూర్చోవడం గురించే.

మన ధమ్మ సభల్లో విరియ గురించి చాలా చెప్పుకుంటాం. విరియ అంటే పూనిక, పట్టుదల. బోధించు, సమీకరించు, పోరాడు అని పిల్లలకు నేర్పుతాం. అలసట గురించి మాత్రం మాట్లాడం. అలిసిపోయానని చెప్పడం ఉద్యమంలో ఉన్నవాళ్ళకు సిగ్గు. నాకూ అట్లాగే ఉండేది. ఆ సిగ్గు నన్ను ఎక్కడికి తీసుకెళ్ళిందో ముందు చెబుతాను. ఆ తర్వాత తథాగతుడు ఏం చెప్పాడో చూద్దాం.

మా ఇంట్లో జరిగింది

కొన్నేళ్ళ కిందటి ఏప్రిల్ నెల. మనకు ఏప్రిల్ అంటే తెలుసు కదా, జయంతి నెల. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అంటూ ఊరూరా తిరిగాను. పొద్దున ఒక ఊళ్ళో జెండా, సాయంత్రం ఇంకో ఊళ్ళో ఉపన్యాసం, రాత్రి బస్టాండులో ఒక కునుకు. వేదికల మీద మైత్రి గురించి, కరుణ గురించి మాట్లాడాను. ఇంటికొచ్చి మాత్రం అన్నం చల్లారిందని ఒకరి మీద, ఫ్యాను తిరగలేదని ఇంకొకరి మీద అరిచాను.

ఒకరోజు అట్లా అరుస్తుంటే మా అమ్మాయి అడిగింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు.

"నాయనా, బుద్ధుడు కూడా ఇంట్లో ఇట్లే అరిచేవాడా?"

నేను బి.ఏ. చదివినవాణ్ణి. మైకు ఇస్తే గంట మాట్లాడగలను. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తర్వాత వారం ఒక సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడిపోయాను. డాక్టరు బి.పి. చూసి, మందు రాసి, ఒక మాట చెప్పాడు. "నడవండి, లేదంటే సైకిల్ తొక్కండి. రాత్రిపూట పడుకోండి."

నాకు ధమ్మ పాఠం అక్కడే మొదలైంది. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

కొండ ఎక్కిన రోజు

పాత గేర్ల సైకిల్ ఒకటి కొన్నాను. మా వాడలో సైకిల్ షాపు పెట్టుకున్న కుర్రవాడు దాన్ని బాగుచేసి ఇచ్చాడు. నన్ను మామా అంటాడు. ఆర్నెల్లు అంగళ్ళు దాకా పోయి రావడమే నా సవారీ. కాస్త ధైర్యం వచ్చాక, జనవరి చలిలో ఒక ఆదివారం తెల్లవారుజామున ఇద్దరం హార్స్లీ హిల్స్‌కు బయలుదేరాం.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నా. మదనపల్లె నుంచి దాదాపు ముప్పై కిలోమీటర్లు. ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటే, కొండపైన ఎత్తు 1,265 మీటర్లు. తేడాలో ఎక్కువ భాగం చివరి ఘాట్ రోడ్డులోనే ఎక్కాలి. ఒక మలుపు అయిందనుకుంటే ఇంకో మలుపు.

ఘాట్ మొదలయ్యే చోట కాలేజీ కుర్రాళ్ళు కొందరు మమ్మల్ని దాటిపోయారు. నాకు రోషం వచ్చింది. లేచి నిలబడి తొక్కాను. రెండు మలుపులు గాలిలో పోయినట్టు పోయాను. నాలుగో మలుపులో పిక్క పట్టేసింది. సైకిల్ వదిలేసి పిట్టగోడ మీద కూలబడ్డాను. కాలు ముట్టుకోనివ్వడం లేదు.

కుర్రవాడు చాలాసేపటికి వచ్చాడు. చిన్న గేరులో, పాట పాడుకుంటూ.

"మామా, కొండ యాడికీ పోదులే. నిమ్మళంగా తొక్కు" అన్నాడు. నా పిక్క రుద్ది, సంచిలోంచి చెనక్కాయలూ బెల్లమూ తీసిచ్చి ఇంకో మాట చెప్పాడు. "అలుపొచ్చినాక ఆగితే మళ్ళా లెయ్యలేవు. అలుపు రాకముందే ఆగల్ల."

అక్కడి నుంచి అతను చెప్పినట్టే చేశాను. మాట్లాడటానికి ఊపిరి చాలినంత వేగం, అంతకు మించి లేదు. దప్పిక కాకముందే ఒక గుక్క నీళ్ళు. ఆకలి కాకముందే నాలుగు గింజలు. రెండు మూడు మలుపులకోసారి, కాళ్ళు బాగున్నప్పుడే, కిందికి దిగి రెండు నిమిషాలు నిలబడటం. చివరికి పైకి చేరాం. మమ్మల్ని దాటిపోయిన కుర్రాళ్ళలో ఇద్దరు దారిలోనే సైకిళ్ళు నెట్టుకుంటూ కనబడ్డారు. వాళ్ళను చూసి నవ్వబుద్ధి కాలేదు. ఒక గంట ముందు నేనూ అదే.

దిగేటప్పుడు ఇంకో పాఠం. ఎక్కడంలోనే కష్టం అనుకుంటాం. దిగుడులో కాళ్ళకు పని లేదు, కానీ కళ్ళు ఒక్క క్షణం రోడ్డు వదలకూడదు. బ్రేకు అదేపనిగా పట్టి ఉంచితే వేడెక్కుతుంది, పూర్తిగా వదిలేస్తే మలుపు దాటి లోయలోకి పోతాం. పట్టడం, వదలడం, మళ్ళీ పట్టడం. శరీరానికి విశ్రాంతి దొరికినప్పుడు కూడా సతి, అంటే ఎరుక, సెలవు తీసుకోకూడదు.

సోణుడి పాదాలు

ఇంటికొచ్చాక సోణుడి కథ మళ్ళీ చదివాను. వేదికల మీద ఎన్నోసార్లు చెప్పిన కథే. ఆ రోజు మాత్రం పిక్క నొప్పితో చదివాను.

సోణుడు చంపా నగరంలోని పెద్ద ధనవంతుడి కొడుకు. అరికాళ్ళు కందకుండా పెరిగినవాడు. భిక్షువైన తర్వాత రాజగృహం దగ్గర సీతవనంలో నడక ధ్యానం చేశాడు. ఎంతగా నడిచాడంటే పాదాలు పగిలి నడిచిన దారంతా రక్తమయింది. అయినా మనసుకు విముక్తి దొరకలేదు. విసుగొచ్చింది. ఇంటికి తిరిగిపోయి, ఉన్న ఆస్తితో దానధర్మాలు చేసుకుంటే పోదా అనుకున్నాడు.

గమనించండి. అతిగా శ్రమపడినవాడే వదిలేసి పోదామనుకున్నాడు. మన సంఘాల్లోనూ ఇదే చూస్తున్నాం. ఆరేడేళ్ళు నిద్రాహారాలు మాని తిరిగినవాళ్ళు ఒకరోజు ఉన్నట్టుండి కనబడకుండా పోతారు. వాళ్ళకు నిబద్ధత లేదని మనం అనేస్తాం. వాళ్ళ పాదాలు ఎంత పగిలాయో ఎవరం చూడం.

తథాగతుడు చూశాడు. సోణుడి దగ్గరికి తానే వెళ్ళాడు. సోణుడు ఇంట్లో ఉన్న రోజుల్లో వీణ బాగా వాయించేవాడు కాబట్టి దాని గురించే అడిగాడు. తీగలు మరీ బిగిస్తే పలుకుతాయా? మరీ వదులైతే? రెంటికీ లేదన్నాడు సోణుడు. సరైన బిగువులో ఉంటేనే పలుకుతాయి. పూనిక కూడా అంతేనని చెప్పాడు భగవానుడు. ఎక్కువైతే మనసు చెదిరిపోతుంది, తక్కువైతే సోమరితనం వస్తుంది. సోణుడు ఆ మాట పట్టుకుని తన సాధనను సరిచేసుకున్నాడు, కొంతకాలానికి అర్హతుడయ్యాడు.

ఈ కథలో ఇంకొక భాగం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇది సోమరితనం కాదా?

మీకు ఈ సందేహం వచ్చి ఉంటుంది. రావాలి కూడా. ఎందుకంటే భగవానుడు సోమరితనాన్ని ఊరికే వదల్లేదు. సోమరి చెప్పుకునే ఎనిమిది సాకులను వరసగా లెక్కపెట్టాడు. పని చేయాల్సి ఉంది, అలిసిపోతాను, ముందే పడుకుంటా. పని చేసి వచ్చాను, ఇప్పుడు పడుకుంటా. ప్రయాణం ఉంది, పడుకుంటా. ప్రయాణం అయింది, పడుకుంటా. తిండి చాలలేదు, పడుకుంటా. తిండి ఎక్కువైంది, పడుకుంటా. కాస్త జబ్బు చేసింది, పడుకుంటా. జబ్బు ఇప్పుడే తగ్గింది, పడుకుంటా. ఇందులో మనందరి ముఖాలూ కనబడతాయి. నవ్వుకోండి, తప్పులేదు.

మరి విశ్రాంతికీ సోమరితనానికీ తేడా ఎట్లా తెలుస్తుంది? దానికి భగవానుడి జీవితమే జవాబు. పావా నగరంలో మల్లులు కొత్తగా కట్టిన సభామందిరంలో ఆయన రాత్రి చాలాసేపు బోధించాడు. వాళ్ళు వెళ్ళిపోయాక భిక్షువులు ఇంకా వినడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన సారిపుత్తుణ్ణి పిలిచి, నాకు నడుము నొప్పిగా ఉంది, నువ్వు బోధించు అన్నాడు. చీవరాన్ని నాలుగు మడతలు వేయించుకుని కుడివైపుకు తిరిగి పడుకున్నాడు. పడుకునే ముందే ఎప్పుడు లేవాలో మనసులో అనుకున్నాడు.

ఇందులో మూడు సంగతులున్నాయి. ఒకటి, నడుము నొప్పి అని చెప్పడానికి బుద్ధుడు సిగ్గుపడలేదు. రెండు, పనిని ఆపలేదు, ఇంకొకరికి అప్పగించాడు. మన కార్యకర్తలం మైకు ఇంకొకరికి ఇవ్వడానికి ఎంత ఆలోచిస్తామో గుర్తు తెచ్చుకోండి. మూడు, లేచే వేళ ముందే అనుకుని పడుకున్నాడు. సోమరితనంలో ఆ మూడోది ఉండదు. సైకిల్ దిగి కాలు నేల మీద పెట్టినవాడి ఇంకో కాలు పెడల్ మీదే ఉంటుంది చూడండి, అట్లాగన్నమాట.

ఏడు బోజ్ఝంగాలు మీకు తెలుసు. సతి, ధమ్మవిచయ, విరియ, పీతి, పస్సద్ధి, సమాధి, ఉపేఖ. విరియ ఎంత అవసరమో పస్సద్ధి, అంటే నెమ్మది, అంతే అవసరం. ఏది ఎప్పుడు వాడాలో భగవానుడు నిప్పుతో పోల్చి చెప్పాడు. మనసు మందంగా ఉన్నప్పుడు పస్సద్ధి పెంచితే, ఆరిపోతున్న నిప్పు మీద తడి గడ్డి వేసినట్టు. అప్పుడు ధమ్మవిచయ, విరియ, పీతి కావాలి. మనసు రేగిపోతున్నప్పుడు విరియ పెంచితే, మండుతున్న మంట మీద ఎండుగడ్డి వేసినట్టు. అప్పుడు పస్సద్ధి, సమాధి, ఉపేఖ కావాలి. సతి మాత్రం ఎప్పుడూ కావాలి. సైకిల్ తొక్కేవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఎక్కుడుకు ఒక గేరు, దిగుడుకు ఒక గేరు, హ్యాండిల్ మీద చేయి మాత్రం ఎప్పుడూ ఉండాలి.

ఆనందుడి సంగతి కూడా చూడండి. రాజగృహంలో మొదటి సంగీతి జరగబోయే ముందు రాత్రి. సమావేశంలో కూర్చునేవాళ్ళంతా అర్హతులు, ఆయనొక్కడే ఇంకా కాలేదు. రాత్రంతా నడుస్తూ సాధన చేశాడు. తెల్లవారబోతుంటే, పూనిక అతి అయిందని గ్రహించి, కాసేపు పడుకుందామని మంచం మీద ఒరిగాడు. పాదాలు నేల నుంచి లేచాయి, తల ఇంకా దిండుకు తగల్లేదు. ఆ మధ్యలోనే విముక్తుడయ్యాడు. పడుకుంటే నిబ్బానం వస్తుందని దీని అర్థం కాదు. ఏళ్ళ తరబడి సాధన వెనుక ఉంది. చివరి బిగువు ఒక్కటి వదలాల్సి వచ్చింది.

ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న

ఇదంతా నేను ఒక పున్నమి సమావేశంలో చెప్పాను. అందరూ తలలూపారు. చివర్లో ఒక చెల్లెలు లేచింది. మదనపల్లె టమోటా మార్కెట్లో కాయలు ఏరే పని ఆమెది. తెల్లవారకముందే పోయి, వంగి కూర్చుని, పెట్టెలు పెట్టెలు ఏరుతుంది.

"అన్నా, నువ్వు కొండెక్కతా ఆగినావు, బాగుంది. నేను ఆగితే ఆ దినం కూలి ఆగిపోతాది. నాకేం జెప్తావు?"

మా అమ్మాయి ప్రశ్న తర్వాత నన్ను నిలదీసిన రెండో ప్రశ్న ఇది. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలిగినంత చెబుతాను.

హార్స్లీ హిల్స్ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్లీ 1870 ప్రాంతంలో ఎండాకాలం విడిదికి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అప్పటి నుంచి కొండకు ఆయన పేరు. దొర విశ్రాంతికి కొండ పేరే మారింది. ఆ ఇంటికి రాయీ మట్టీ మోసినవాళ్ళ పేర్లు నాకు ఏ బోర్డు మీదా కనబడలేదు. ఈ దేశంలో విశ్రాంతి కూడా కులాన్ని బట్టీ కూలిని బట్టీ పంచబడింది. ఒకరి విశ్రాంతిని ఇంకొకరి నడుము మోసింది.

అందుకే విశ్రాంతి మనవాళ్ళకు పోరాడితే గానీ రాలేదు. మహాత్మా ఫూలే సహచరుడు, సత్యశోధక్ ఉద్యమంలో పనిచేసిన నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు పోరాడి 1890లో ఆదివారం సెలవు సాధించుకున్నారు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. ఆయన తెచ్చిన సవరణతో 1946లో ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పని 48 గంటలకు తగ్గింది. మనం హాయిగా సైకిలెక్కిన ఆ ఆదివారం వెనుక ఇంత చరిత్ర ఉంది. కానీ ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగింది. మార్కెట్ యార్డులో ఏరే చెల్లెలి దాకా రాలేదు.

ఇప్పుడు సోణుడి కథలో మిగిలిన భాగం. అతని పాదాలు చూసి భగవానుడు, నువ్వు సుకుమారంగా పెరిగినవాడివి, ఒక అట్ట ఉన్న చెప్పులు వేసుకో అని అనుమతి ఇచ్చాడు. సోణుడు ఒప్పుకోలేదు. సంఘం మొత్తానికి అనుమతి ఇస్తే నేనూ వేసుకుంటాను, నా ఒక్కడికే అయితే వద్దు అన్నాడు. అప్పుడు భగవానుడు భిక్షువులందరికీ చెప్పులు అనుమతించాడు.

చెల్లెలా, నీ ప్రశ్నకు నా జవాబు ఇదే. నా ఒక్కడికే దొరికే విశ్రాంతి ధమ్మం కాదు. అది దొర కట్టుకున్న కొండ మీది ఇల్లు. అందరికీ దొరికేదాకా అడగడం కూడా సాధనే. మన రాయలసీమలోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం, దారుల వెంట చెట్లూ బావులూ ఏర్పాటు చేసిన సంగతి అందులో ఉంది. బాటసారికి నీడ ఇవ్వడం రాజ్యం బాధ్యత అని ఆ ఉపాసకుడు రెండువేల ఏళ్ళ కిందటే అనుకున్నాడు. మార్కెట్లో కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్ళు, మధ్యాహ్నం ఒక గంట. ఇవి అడగడంలో తప్పేముంది?

అడుగుతూనే, మన చేతిలో ఉన్నది మనం చేయాలి. మా వాడలో నాలుగు ఇళ్ళవాళ్ళం ఒక ఒప్పందం చేసుకున్నాం. పున్నమి రోజు సాయంత్రం వంట, అంట్లు, పిల్లలు మగవాళ్ళవి. ఆడవాళ్ళు ఒక గంట కూర్చుంటారు. ధ్యానం చేసినా సరే, ఊరికే కూర్చున్నా సరే. మొదటి నెల నేను వండిన సంగటి ఉండలు కట్టింది. రెండో నెల ఒకాయన రాలేదు. ఆ చెల్లెలి కూలి పెరగలేదు, పని గంటలు తగ్గలేదు. కానీ నెలకొక గంట ఆమెది అయింది. ఇది చాలదు. మొదలు మాత్రం అయింది.

ఆరోగ్యవరం గుర్తు చేసేది

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ రోగుల శానటోరియం మొదలైంది. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. అంతవరకూ శానటోరియంలలో వైద్యమంటే విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి. కాస్త కోలుకున్నవాళ్ళను కొలత ప్రకారం కొద్దికొద్దిగా నడిపించి, పని చేయించేవాళ్ళు. మన ఊరి గాలికి ఆ పేరు అట్లా వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. విశ్రాంతితో అందరూ బతకలేదు. మందులు వచ్చాకే క్షయ లొంగింది. కాబట్టి ధ్యానం గానీ విశ్రాంతి గానీ మందుకు బదులు అనుకోకండి. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి పరీక్ష చేయించుకోండి. నేను సైకిల్ తొక్కుతూనే బి.పి. మాత్ర వేసుకుంటున్నాను.

ఈ పున్నమి నుంచి

ఇవి చేసి చూడండి. మంచిదనిపిస్తేనే కొనసాగించండి, వచ్చి చూడమన్నదే కదా మన ధమ్మం.

1. రోజులో రెండుసార్లు, అలసట రాకముందే, రెండు నిమిషాలు పని ఆపండి. వచ్చే ఊపిరినీ పోయే ఊపిరినీ గమనించండి.

2. పడుకునే ముందు లేచే వేళ మనసులో అనుకోండి. ఫోను పక్కన పెట్టండి.

3. ఇంట్లో గొంతు పెరుగుతుంటే అది అలసట గుర్తు అని తెలుసుకోండి. ఆ మాట నోటితో చెప్పండి. "నేను అలిసిపోయాను" అనడం నేరం కాదు.

4. మీరు చేస్తున్న పనుల్లో ఒకటి ఇంకొకరికి అప్పగించండి. సారిపుత్తులు మన మధ్య కూడా ఉన్నారు.

5. మీరు విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు ఆ పని ఎవరి మీద పడుతోందో చూడండి. వారానికి ఒక పూట వాళ్ళ పని మీరు చేయండి.

ఒక దేవత వచ్చి, ఈ వరదను ఎట్లా దాటావని భగవానుణ్ణి అడిగిందట. ఆగిపోకుండా, పెనుగులాడకుండా దాటానన్నాడు. ఆగిపోతే మునిగిపోయేవాణ్ణి, పెనుగులాడితే కొట్టుకుపోయేవాణ్ణి అని ఆయన భావం. అక్కడ ఆగిపోవడమంటే ఇక చాల్లే అని కూలబడటం. ఊపిరి తీసుకోవడానికి కాలు దించడం కాదు.

మొన్న మళ్ళీ ఆ ఘాట్ ఎక్కాం. ఈసారి మా అమ్మాయి కూడా వచ్చింది, చిన్న సైకిల్ మీద. ఆరో మలుపులో ఆగుదామంది. నేను బాగానే ఉన్నాను, ఇంకో రెండు మలుపులు పోగలను. అయినా దిగాను. పిట్టగోడ మీద ముగ్గురం కూర్చుని చెనక్కాయలు తిన్నాం. కింద మదనపల్లె వైపు రోడ్డు మీద టమోటా లారీలు పోతున్నాయి. ఆ చెల్లెలు ఆ వేళకు ఇంకా వంగి ఏరుతూనే ఉంటుందని గుర్తొచ్చింది. వచ్చే పున్నమికి సంగటి ఉండలు కట్టకుండా వండాలనుకున్నాను.

సకల జీవులూ అలుపు తీర్చుకునే నీడ పొందుగాక.

నమో బుద్ధాయ! జై భీమ్!